బెత్తెడు పసుపు నూలు

నా పేరు సుహాసిని. కాశిబుగ్గలో ఎవరినడిగినా చెబుతారు, దీని నోరు మంచిది కాదని. నిజమే. ఆ నోటితోనే బతుకుదామనుకున్నాను, ఆ నోటితోనే మా బాపు పరువు బజారున పెట్టాను. ఇప్పుడు అదే నోటితో ఈ సంగతి చెబుతున్నాను. ఎవరికి కోపమొచ్చినా నాకు ఫికర్ లేదు.

మా బాపు నర్సింగం జంపఖానాలు నేస్తాడు. నలభై ఏళ్లుగా అదే గుంట మగ్గం. అమ్మ అనసూర్య పక్కన కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతుంది. ప్రతి జంపఖానా మొదలుపెట్టేటప్పుడు బాపు మొదటి పేకతో పాటు ఎడమ మూలన బెత్తెడు పసుపు నూలు వేస్తాడు. గిన్నెలో పసుపు కలిపి, నూలు ముంచి, దండెం మీద ఆరేసి, డబ్బాలో దాచుకుంటాడు. వాళ్లమ్మ అలా వేసేదట. కొన్నవాళ్లు దాన్ని చూడరు, నాలుగు ఉతుకులకు వెలిసిపోతుంది కూడా. పోతే పోనీ అంటాడు. అది కొనేవాళ్ల కోసం కాదు, మొదలు మంచిగా ఉండాలని.

నేనప్పుడు హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో ఓపీ చీటీలు రాసేదాన్ని. ఆటోలో సగం బయటికి వేలాడుతూ పోయి, రోగుల తిట్లూ డాక్టర్ల తిట్లూ కలిపి తిని వచ్చేదాన్ని. ఆదివారాలు బాపు మగ్గం మీద ఉండగా ఫోన్‌లో తీసి ‘నర్సింగం మగ్గం’ అని పేజీ పెట్టి అందులో వేసేదాన్ని. రెండొందల మంది చూస్తే పండగ. ఒకరోజు ఆ పసుపు నూలు కథ చెబుదామని కెమెరా మూలకు పెట్టాను. బాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

“గది మందికెందుకు బిడ్డా. అది మనింట్ల ముచ్చట.”

విన్నానా? వినలేదు. ఆయన టీ తాగడానికి లేవగానే తీసేశాను. పెట్టిన మూడు రోజుల్లో తొమ్మిది లక్షల మంది చూశారు. కళ్లు నెత్తికెక్కాయి. దవాఖాన వాళ్లకు దండం పెట్టి, చీటీల పుస్తకం బల్ల మీద పడేసి వచ్చేశాను.

ఆ వారమే హనుమకొండ నుంచి రమాకాంత్ ఫోన్ చేశాడు. పరుపులు, దుప్పట్లు, జంపఖానాలు అమ్మే పెద్ద షాపు ఆయనది. మాట తేనె. మీలాంటి వాళ్లే మన చేనేతను బతికించాలమ్మా అన్నాడు. ఒక్క రీల్‌కు పదిహేను వేలు, నచ్చితే నెలకు రెండు. స్క్రిప్టు తనే పంపుతానన్నాడు. కింద ప్రకటన అని మాత్రం రాయొద్దు, రాస్తే జనం దాటేసి పోతారు అన్నాడు. అప్పుడే నాకు అనుమానం రావాలి. వచ్చింది కూడా. పదిహేను వేలు అనే మాట దాన్ని నోరు మూసుకోమంది.

మర్నాడు పార్శిల్ వచ్చింది. ఎరుపూ నీలం చారల జంపఖానా, మెరిసిపోతోంది. బాపు విప్పి చూడనైనా లేదు. మడత మీద బొటనవేలు పెట్టి ఒకసారి నొక్కాడు, అంతే.

“ఇది మిషన్‌ది బిడ్డా. నా మగ్గం మీద ఎందుకు పెడతాన్నవ్?”

నాకూ తెలుసు. పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లో ఉన్నదాన్ని, నాకు తెలియదా? అయినా నా నోరు ఊరుకోలేదు. ఊరికే పరిచి చూపిస్తాం, చేత్తో నేసిందని నీతో చెప్పిస్తున్నానా, నువ్వు ఒక్క మాట మాట్లాడాల్సిన పని లేదు, ఊరికే కూర్చో అన్నాను. రేపు ఈ పేజీ నిలబడితే నీ జంపఖానాలే అమ్ముతాను కదా అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను చెప్పుతో కొట్టాలి. అమ్మ రాట్నం ఆపి ఆయన వైపు చూసింది, పిల్ల మొదటిసారి అడుగుతోంది కదా అన్నట్టు. బాపు తల దువ్వుకుని, ఉతికిన అంగీ వేసుకుని, గుంటలో దిగి కూర్చున్నాడు.

ఇక్కడ జరిగింది మాత్రం సాలెవాళ్ల ఇంట్లో తప్ప ఎక్కడా జరగదు. ఆ మిషన్ జంపఖానా మగ్గం మీద పరిచాను. బాపు ముందర జంపఖానా కనిపించేసరికి ఆయన చెయ్యి దానంతటది ఎడమ మూలకు పోయింది. వేళ్లు పసుపు నూలు కోసం వెతికాయి. లేదు. చెయ్యి అక్కడే కాసేపు ఆగింది. ఆయన కావాలని చేయలేదు, నలభై ఏళ్ల అలవాటు. నేను చూశాను. సిగ్గుపడాల్సింది పోయి, షాట్ భలే వచ్చింది అనుకున్నాను. దాని మీద నా గొంతు పెట్టాను: ‘మా కాశిబుగ్గ మగ్గం నుంచి మీ ఇంటికి, మా బాపు చేతి పని.’ చివర ఆయన షాపు పేరుతో సహా రమాకాంత్ రాసిచ్చిన మాటలే, కానీ పలికింది నేను.

పన్నెండు లక్షల మంది చూశారు. డబ్బు అదే సాయంత్రం పడింది. అమ్మకు చీర కొన్నాను. బాపుకు కళ్లద్దాలు మార్పించాను. ఆ అద్దాలు ఆయన పెట్టుకోలేదు, డబ్బాలోనే ఉన్నాయి. ఎందుకు పెట్టుకోవని నేను అడగలేదు, అడిగితే ఏం చెబుతాడో అని భయం.

నెలన్నర తర్వాత వెంకట్రాజం మామ వచ్చాడు. ఆయన మా వాడలో నేసినవన్నీ తీసుకుని ఎగ్జిబిషన్లకు తిప్పుతాడు. ఎప్పుడు వచ్చినా గుమ్మంలోనే చాయ్ అడిగే మనిషి, ఆ రోజు అడగలేదు. చంకలోని మూట దించాడు. బాపు నేసిన ఆరు జంపఖానాలు, ఆరూ వెనక్కి. హైదరాబాద్‌లో ఒకామె మూల తిప్పి పసుపు దారం చూసి, ఇవి ఆ మిషన్‌వే, మా ఇంట్లో ఒకటి ఉంది, మొదటి ఉతుకుకే రంగు కారింది అందట. పక్కనున్న వాళ్లంతా చేతిలోవి కింద పెట్టేశారట. మామ ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

తర్వాత మామ సంచిలోంచి ఇంకొకటి తీశాడు. రమాకాంత్ షాపులో కొనుక్కొచ్చింది. అదే ఎరుపూ నీలం. ఎడమ మూలన బెత్తెడు పసుపు దారం.

నా రీల్ చూసినవాళ్లు షాపుకు పోయి మూలలు తిప్పి చూశారన్నమాట. దారమేదని అడిగారన్నమాట. అడిగితే ఆ పెద్దమనిషి కుట్టు మిషన్ మీద కుట్టించేశాడు.

బాపు దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. గోరుతో ఆ దారాన్ని గీకాడు. నేను ఏదో అనబోయాను, నోరు లేవలేదు. ఊరంతా భయపడే నా నోరు. వెంకట్రాజం మామే అన్నాడు, నీ తప్పేం లేదు బావా అని. బాపు తల ఊపాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది, నేనూ ఎదురు తిట్టి బతికిపోయేదాన్ని.

మర్నాడు పొద్దున కొత్త జంపఖానా మొదలుపెట్టాడు. పసుపు నూలు డబ్బా మూత తీయలేదు. మొదటి పేక తెల్లది వేసి, బాది, రెండోది వేశాడు. అమ్మ కండె చేత పట్టుకుని చూస్తూనే ఉంది. పసుపు వేయవా అని అడిగింది.

“ఇగ అది మనది కాదు,” అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు. ఆ షాపు జంపఖానా చంకలో పెట్టుకుని ఆటో ఎక్కాను. హనుమకొండ దాకా ఏమేం అనాలో అన్నీ వరసగా పేర్చుకున్నాను. రమాకాంత్ కుర్చీ వేయించాడు, చల్లటి మజ్జిగ తెప్పించాడు. నేను అరుస్తుంటే షాపులో జనం తిరిగి చూశారు. ఆయన మాత్రం గొంతు పెంచలేదు.

“పసుపు మీ బాపు జాగీరా అమ్మా? నర్సింగం జంపఖానాకు పసుపు దారం ఉంటదని లోకానికి చెప్పింది ఎవరు? ఇది మా బాపు చేతి పని అని చెప్పింది ఎవరు? నువ్వు చెప్పినట్టే మేం చేసినం.”

పైగా దసరాకు ఇంకో రీల్ చేద్దాం, ఈసారి ఇరవై ఇస్తాను అన్నాడు. మజ్జిగ గ్లాసు తీసి వాడి మొహాన కొడదామనుకున్నాను. కొట్టలేకపోయాను, ఎందుకంటే వాడు అన్నదాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఆ షాపులో ఉన్న అబద్ధమంతా నా గొంతులోనే ఉంది.

అయితే ఫోన్ నా చేతిలో ఉంది. అక్కడే ఆన్ చేశాను. షాపు జంపఖానా మూల పట్టుకుని పసుపు దారాన్ని గోరుతో లాగాను, జర్రున ఊడి చేతికొచ్చింది. చూడండి, ఇది కుట్టింది అన్నాను. మా బాపు నేసినదాంట్లోంచి ఇలా రాదు, పేకతో కలిపి బాదింది, లాగితే గోరు ఊడుతుంది అన్నాను. ఆ రీల్‌లో నేను చెప్పింది అబద్ధం, పైసలు తీసుకుని చెప్పాను, మా బాపు వద్దన్నా చెప్పాను అన్నాను. షాపు వాళ్లు నా భుజం పట్టి బయటికి పంపేదాకా చెబుతూనే ఉన్నాను. రోడ్డు మీద నిలబడి పోస్ట్ చేశాను.

రెండు రోజుల్లో ఎంతమంది చూశారో తెలుసా? తొమ్మిది వందల పద్నాలుగు మంది. అబద్ధానికి పన్నెండు లక్షలు, నిజానికి తొమ్మిది వందలు. ఆ చూసినవాళ్లలో సగం మంది నన్నే తిట్టారు. పైసలు తిన్నప్పుడు గుర్తురాలేదా అని ఒకడు రాశాడు. ఇది కూడా రీచ్ కోసమే చేస్తోంది అని ఇంకొకతె రాసింది. వాళ్లకు జవాబు రాద్దామని కూర్చుని, రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి ఊరుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం అన్నం తింటూ బాపు అడిగాడు, ఎంతమంది చూసిండ్రు అని. చెప్పాను. అంతమందికి తెలిస్తే చాలదా అంటాడేమో, నన్ను ఊరడిస్తాడేమో అనుకున్నాను. అనలేదు. చెయ్యి కడుక్కుని, అలమారాలోంచి డబ్బా తీసి, మూత తెరిచి పసుపు నూలు వాసన చూశాడు. ఇంకేవో రంగుల నూలు కూడా పక్కన పెట్టుకున్నాడు. గుంటలో దిగి కూర్చున్నాడు.

“ఆ ఫోన్ బయట పెట్టి రా,” అన్నాడు.

పెట్టి వచ్చాను. వాకిట్లో అరుగు మీద పెట్టి, తలుపు దగ్గరికి వేసి వచ్చాను. అమ్మ రాట్నం ఆపింది. బాపు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లమ్మ ఆయనకు చూపించినట్టు, కొత్త గుర్తు ఎలా వేయాలో చూపించాడు. నా వేళ్లతో నాచేతే వేయించాడు.

ఇప్పుడు నర్సింగం జంపఖానాకు మళ్లీ గుర్తు ఉంది. వెంకట్రాజం మామకు కూడా అదేంటో తెలియదు. పేజీలో రోజూ అడుగుతున్నారు, రమాకాంత్ మనుషులు వేరే పేర్లతో అడుగుతున్నారని కూడా నాకు తెలుసు. ఏ రంగు, ఏ మూల, ఎన్ని పోగులు?

చెప్పను.