పానా అన్న మాట

మా అమ్మాయి లిఫ్టుల మెకానిక్. పది అంతస్తుల గొయ్యిలో బెల్టు కట్టుకుని వేలాడుతుంది. ఎక్కడ పడిపోతుందోనని తొమ్మిదేళ్లుగా నా ప్రాణం నా చేతిలో లేదు. అది చాలదన్నట్టు మొన్న ఇంకో భయం వచ్చిపడింది. ఫోన్లో మాట్లాడుతుంటే వెనకనుంచి అల్లుడు ఏదో అన్నాడు. ఇది వెంటనే, "చిత్తం" అంది.

చిత్తం! మా నాయనమ్మ కూడా అనలేదు ఆ మాట. పిల్లని బెదిరించి బానిసను చేశాడనుకున్నాను. వెంట తెచ్చేసుకోవాలని మర్నాడే సంచి సర్దుకుని వెళ్లాను.

తలుపు తీసింది నా కూతురేనా? బుట్టచేతుల గౌను, నడుముకు వెడల్పాటి పట్టీ, చెవులకు ముత్యాలు. పాత క్యాలెండర్లోంచి దిగొచ్చినట్టుంది. గోళ్లలో మాత్రం గ్రీజు.

"ఇవన్నీ అతను వేసుకోమన్నాడా?"

"నేనే కుట్టుకున్నానే. ఆయనకి బొత్తాం కుట్టడం కూడా రాదు."

లెక్కల మాస్టారు మా అల్లుడు. బడి నుంచి రాగానే కుర్చీలో కూర్చుని, "టీ" అన్నాడు. ఇది "చిత్తం" అని రెండు చేతులతో తెచ్చిచ్చింది. నాకు ఒళ్లు మండింది. వంటింట్లోకి లాక్కెళ్లాను.

"పద, పోదాం. నీకేం ఖర్మే?"

"అమ్మా, పొద్దుణ్ణుంచీ నలుగురికి ఏం చెయ్యాలో నేనే చెప్పాలి. ఒక్క బోల్టు వదులైతే ప్రాణాలు పోతాయి. ఇంటికొచ్చాక ఆ బరువు ఆయన చేతిలో పెడతాను. నాకిష్టమై పెడుతున్నాను."

"రేపు గొంతు మీద కూర్చుంటేనో?" అంటూ విసురుగా హాల్లోకి వస్తే, దాని పనిసంచిలోంచి జారిపడ్డ, బోల్టులు బిగించే పానా కాలికి తగిలింది. "ఛీ, దారికడ్డంగా ఈ పానా ఒకటి!" అని అరిచాను.

అల్లుడు కప్పు కింద పెట్టేసి, లేచి, రెండడుగులు వెనక్కి వేశాడు. "ఆగిపోయాను అత్తయ్యగారూ! నావల్ల ఏం తప్పు జరిగింది?"

ఇది పొట్ట పట్టుకుని నవ్వింది. ముత్యాలు ఊగిపోయాయి.

"లిఫ్టులో ఎర్ర బొత్తాం ఉంటుంది కదమ్మా, నొక్కితే ఉన్నచోట ఆగిపోతుంది. మాకు ఆ బొత్తాం పానా. నేను ఆ మాటంటే ఆయన పెత్తనం అక్కడితో బందు. పెళ్లికి ముందే ఒప్పుకున్నాం. నువ్వన్నా ఆగుతారని ఇప్పుడే తెలిసింది!"

"ఎప్పుడైనా అన్నావా?"

"రెండుసార్లు. ఉద్యోగం మానెయ్యమన్నప్పుడు ఒకసారి. నీ భయాల మీద జోకులేసినప్పుడు ఇంకోసారి."

అల్లుడు తల గోక్కున్నాడు. "మళ్లీ ఆ రెండూ ఎత్తలేదండీ."

నేను కుర్చీలో కూలబడ్డాను. నలభై ఏళ్లు నేనూ "అలాగే" అంటూనే బతికాను. నాకు ఎర్ర బొత్తాం ఎవరూ పెట్టలేదు, అడగాలని నాకూ తోచలేదు.

అంతలో మా ఆయన ఫోను. "పిల్లని చూశావుగా, రేపు పొద్దున బస్సుకి వచ్చెయ్."

గొంతు సవరించుకున్నాను. "పానా."

"ఏం పానా? కుళాయి పాడైందా?"

"వచ్చాక చెప్తాను. నాలుగు రోజులాగి వస్తాను. గౌను కుట్టించుకోవాలి."

అటువైపు ఫోను కింద పడ్డ చప్పుడైంది. ఆయనకేమన్నా అయిందేమోనని నాకు మళ్లీ భయం పట్టుకుంది.