మోచెయ్యి చెవి దాటాలి

గోవిందరావు తాను తవ్విన గోతిలో తానే పడ్డాడు. కొత్త గొయ్యా అంటే అదీ కాదు, మూడేళ్ళ కిందటిది. వాళ్ళ ఊరి కొబ్బరి రైతుల సంఘంలో అధ్యక్షుణ్ణి చేతులెత్తి ఎన్నుకుంటారు. అప్పట్లో కొందరు తల గోక్కుని, అదీ ఓటేనని దబాయించారు. ఒళ్ళు మండిన గోవిందరావు, మోచెయ్యి చెవి దాటితేనే ఓటు అని తీర్మానం చేయించి, ఆ ఊపులో గెలిచి కుర్చీ ఎక్కాడు.

ఈ ఏడు వానలతో పాటు ఉద్దానం ప్రాంతానికి చికున్‌గున్యా వచ్చింది. జ్వరం వారంలో పోయింది గానీ నొప్పులు పోలేదు. మూడు నెలలైనా గోవిందరావు కుడి చెయ్యి భుజం దాటి లేవడం లేదు. ముద్ద నోటి దగ్గరికి రాకపోతే నోరే ముద్ద దగ్గరికి వెళ్ళాల్సి వస్తోంది. ఎన్నికకు ఇంక ఇరవై రోజులే ఉన్నాయి. పోటీకి నిలబడ్డది పరాయివాడైనా కొంత నయం. వరసకు బావ తిరుమలరావు. తన ఓటు తానే వేసుకోలేక బావ చేతిలో ఓడిపోతే ఇంక ఊళ్ళోనే కాదు, సోంపేటలో కూడా ఎవరికీ మొహం చూపించలేనని అతనికి నిజంగానే దిగులు పట్టుకుంది.

టెక్కలి డాక్టరు మాత్రలు రాశాడు. వాటితో పాటు చేయి తిరిగిన మనిషితో నూనె మర్దన చేయించుకుంటే కీళ్ళు సాగుతాయని, వాపున్న చోట మాత్రం ముట్టుకోనివ్వద్దని చెప్పాడు. ఊళ్ళో అలాంటి మనిషి అప్పలనరసమ్మ ఒక్కతే. నలభై ఏళ్ళుగా పసిపిల్లలకు నూనె రాసి నీళ్ళు పోస్తోంది. పది కొబ్బరిచెట్లున్నాయి కనక సంఘంలో సభ్యురాలు కూడా. ఊరందరినీ కుట్టిన దోమ ఆముదం వాసనకు జడిసి ఆమె జోలికి పోలేదు. గోవిందరావు భార్య కామాక్షి ఆమెను పెరటి దారిన ఇంట్లోకి తీసుకొచ్చింది.

చిక్కల్లా ఏమిటంటే, ఆమెకు వచ్చింది పసిపిల్లల పనే. అందులో కొంత చేసి కొంత మానమంటే ఆమెకు చేతులాడవు. కాళ్ళు చాపుకుని కూర్చుని, యాభై ఆరేళ్ళ గోవిందరావు తలను కాళ్ళ మీద పెట్టుకుంది. ఆముదం పట్టించి భుజం మెల్లగా తిప్పింది. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత కుడి చేతిని ఎడమ కాలి దగ్గరికి తెచ్చింది, తలను గుండ్రంగా ఒత్తింది, ముక్కు పట్టుకుని సాగదీసింది. కామాక్షి పక్క గదిలోకి పారిపోయి నవ్వుకుంది. నొప్పి ముక్కుకి కాదని గోవిందరావు మొత్తుకున్నాడు.

"ఇప్పుడు సాగదియ్యకపోతే పెద్దయ్యాక సప్పిడిముక్కయిపోద్ది బుగతా" అంది అప్పలనరసమ్మ.

వేన్నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, దిష్టి తగలకుండా కాటుక చుక్క పెట్టబోయింది. బుగ్గ మీద వద్దని బతిమాలితే, జాలిపడి చెవి వెనక పెట్టింది. ఆపైన జోకొట్టింది. రెండు నిమిషాల్లో అధ్యక్షులవారు గురక.

రోజూ ఇదే తంతు. పదో రోజుకి చెయ్యి దువ్వెన పట్టింది, పదిహేడో రోజుకి చెవి దాటింది. మాత్రల గుణమో మర్దన గుణమో గోవిందరావుకి అక్కర్లేదు. కళ్ళు చెమర్చి, అమ్మ పోయాక తనను ఇంత ఆప్యాయంగా చూసుకున్నవాళ్ళు లేరని అప్పలనరసమ్మతో చెప్పుకున్నాడు. ఆమె ఊఁ కొడుతూ ముక్కు సాగదీసింది.

ఎన్నికనాడు సంఘం షెడ్డులో అరవైమంది కూర్చున్నారు. కార్యదర్శి ప్రదీప్ గోవిందరావు పేరు చదివాడు. షెడ్డంతా మూలుగులే. ఒకడి చెయ్యి గుండె దాకా వచ్చి ఆగింది. ఇంకొకడు ఎడం చేత్తో కుడి చేతిని ఎత్తబోయి రెండింటినీ వదిలేశాడు. చెవి దాటింది గోవిందరావు చెయ్యి ఒక్కటే. పాపం, ఇరవై రోజులూ తన చేతి గురించి ఆలోచించాడే గానీ ఊరి చేతుల గురించి ఆలోచించలేదు.

తిరుమలరావు పేరు చదివారు. మళ్ళీ మూలుగులే. లేచింది తిరుమలరావు చెయ్యి ఒక్కటే. మోచెయ్యి దాటిందో లేదో చూడ్డానికి దగ్గరికి వెళ్ళిన ప్రదీప్, బావగారి చెవి వెనక కాటుక చుక్క చూసి నోరు తెరిచాడు. అనుమానమొచ్చి గోవిందరావు చెవి వెనక కూడా చూసి, అక్కడా ఉందని అందరికీ చెప్పాడు. షెడ్డు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు.

వెనక వరసలో అప్పలనరసమ్మ ఎవరికీ చెయ్యెత్తలేదు. ఎందుకని ప్రదీప్ అడిగాడు.

"పొద్దున్న ఆయనకి, సాయంత్రం ఈయనకి నీళ్ళోసినాను. ఒకలికి సెయ్యెత్తితే రెండోవోడు ఏడుత్తాడు గదా."

గోవిందరావు కుర్చీ వైపు చూశాడు. గుండెల దగ్గరే ఆగిపోయిన చేతుల వైపు చూశాడు. అతనికి సిగ్గేసింది.

"ఈ సెయ్యి ఎత్తింది నాను కాదు, అప్పలనరసమ్మ. కుర్సీ ఆవిడికే" అని చెయ్యెత్తాడు.

బావ కన్నా వెనకపడడం ఇష్టంలేక తిరుమలరావూ ఎత్తాడు. అప్పలనరసమ్మ మొహమాటం లేకుండా రెండు చేతులూ ఎత్తింది; ప్రదీప్ ఒకటే రాసుకున్నాడు. మూడు ఓట్లతో, ఊళ్ళో ఎన్నడూ ఎరగని మెజారిటీతో ఆమె గెలిచింది.

కుర్చీలో కూర్చుని తొలి ఆజ్ఞ వేసింది. "రేపట్నుంచి అందరూ తువ్వాలు, ఆముదం అట్టుకుని రండి. డాట్రుగారి మాత్తర్లు మాత్రం మానీకండి. ఈ బావలిద్దరూ ఆకర్న రండి. ముక్కు కాడ మరీ ఏడుత్తన్నారు."

గోవిందరావు, తిరుమలరావు ఒక్కసారే ముక్కులు మూసుకున్నారు.