సభ కూడేదాకా

వికెంతీ చొక్కా ఇస్త్రీ చేస్తూ జినైదా ఒకటే ఆలోచిస్తోంది. ఇన్ని మంచి మాటలు చెప్పే సర్కారు మాట ఎవరూ ఎందుకు వినరు?

జార్ దిగిపోయాక వేసవి కూడా వెళ్లిపోయింది. ఇప్పుడు రష్యా రాజధాని పెత్రోగ్రాద్‌లో ఉన్నది తాత్కాలిక ప్రభుత్వం. అందులో ఒక మంత్రి దగ్గర ఆమె భర్త వికెంతీ కార్యదర్శి. చెడ్డవాడేం కాదు. ఆడవాళ్లకు ఓటు వచ్చిన రోజు, "జీనా, ఇక నువ్వూ నేనూ సమానం" అని ఆమె చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. వెంటనే టీ అడిగాడు. టీ నీళ్లు కాచే సమోవార్ వెలిగించేది ఆమే. చక్కెర బీరువా తాళాలు మాత్రం అత్తగారు గ్లఫీరా నడుముకే ఉంటాయి. చలిలో రొట్టె వరసలో నిలబడేదీ, అతిథుల ముందు చక్కెర చాలకపోతే మాట పడేదీ జినైదాయే. "ఇంటి ఇల్లాలివి నువ్వు, నన్నడుగుతావేమ్మా" అంటుంది అత్తగారు. తాళాలు మాత్రం ఇవ్వదు.

బయటా అదే తంతు. మంత్రి ఉత్తర్వు వేస్తాడు. సైనికులూ రైల్వేవాళ్లూ తాము ఎన్నుకున్న సంఘాన్ని, సోవియెట్‌ను అడిగి, అది ఊ అంటేనే కదులుతారు. రైలు ఆగితే తిట్లు మంత్రికి. ఈ పోలిక తోచగానే ఆమెకు నవ్వొచ్చింది, మంత్రుల మీద కాస్త జాలీ వేసింది.

పెళ్లికి ముందు ఆమె వైద్యం చదివేది. చివరి ఏడాది మాన్పించారు. అప్పటి స్నేహితురాలు లిదియా నిన్న రొట్టె వరసలో కనబడి, "మా ఆసుపత్రిలో కట్లు కట్టే చేతులు చాలడం లేదే. రేపు సాయంత్రంలోగా రాకపోతే ఇంకొకరిని పెట్టేసుకుంటారు" అంది. ఆ సాయంత్రం ఇదే. భోజనాల దగ్గర జినైదా ఆ మాట ఎత్తింది.

"యుద్ధం ఓ కొలిక్కి రానీ. రాజ్యాంగ సభ కూడాక, అన్నీ కుదుటపడ్డాక తీరిగ్గా మాట్లాడుకుందాం" అన్నాడు వికెంతీ.

"మరి రొట్టెకెవరెళ్తారు, నేనా?" అంది అత్తగారు.

వికెంతీ మాట అప్పటికే రైతుల మీదికి వెళ్లిపోయింది. "భూమి సంగతి సభే తేల్చాలి, అందాకా ఆగండయ్యా అంటే వినరు. దొరల పొలాలు దున్నేసుకుంటున్నారు."

"సభ ఎప్పుడు కూడుతుంది?" నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"మళ్లీ వాయిదా పడింది. యుద్ధంలో ఎన్నికలంటే మాటలా?"

"అయితే యుద్ధం ఆపుతున్నారా?"

"ఎలా ఆపుతాం? మిత్రదేశాలకు మాటిచ్చాం."

జినైదా చెంచా కింద పెట్టింది. యుద్ధం ఆగదు, కాబట్టి సభ కూడదు, కాబట్టి ఏదీ తేలదు. ఆగమనేవాళ్లకు పోయేదేమీ లేదు. కందకంలో సైనికుడికి ప్రాణం పోతుంది, రైతుకు విత్తే అదను పోతుంది, తనకు చదివిన చదువు పోతోంది. వాళ్లు మాట వినకపోవడం తలబిరుసుతనమని ఆమె ఇన్నాళ్లూ వికెంతీతో పాటు అనుకుంది. వాళ్లకంటే ఎక్కువగా ఆగింది తనే. ఎందుకు ఆగిందో ఎంత ఆలోచించినా తోచలేదు. కోపం రావలసింది, ఆశ్చర్యమే వేసింది.

లేచి కోటు తొడుక్కుంది.

"ఎక్కడికి? ఇంకా ఏదీ తేల్చుకోలేదుగా" అన్నాడు వికెంతీ.

"ఆసుపత్రికి. రేపు రొట్టెకు మీరెళ్లండి" అంది, బొత్తాలు పెట్టుకుంటూ. "మీ సభ కూడాక కబురు చెయ్యండి, వార్డులో ఉంటాను."