చేతిలో ఉలుకు

గ్యారిట్ హోక్‌స్ట్రా బంతిని గుంటలోకి నెట్టే పటర్ కర్ర పట్టుకున్నాడంటే మా గోల్ఫ్ క్లబ్బులో మగాళ్లందరికీ ఉన్నట్టుండి చెట్ల మీద పిట్టలు కనిపిస్తాయి. అతని చేతుల వంక చూస్తే ఆ ఉలుకు తమకూ అంటుకుంటుందని భయం. బంతిని మెల్లగా గుంటలోకి నెట్టాల్సిన క్షణంలో అతని కుడిచెయ్యి దానంతటదే ఉలిక్కిపడుతుంది. పసిపిల్లలు కూడా వేసేంత దగ్గర నుంచి కొట్టినా బంతి గుంట తప్పిపోతుంది.

ఒకప్పుడు పెద్ద పోటీల్లో ఆడి పేరు తెచ్చుకున్న మనిషి. ఆ ఉలుకే అతన్ని అక్కణ్ణుంచి తరిమేసింది. ఇప్పుడు మిషిగన్‌లో మా ఊరి మైదానంలో పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. నేర్పడంలో అతనికి వంక పెట్టలేం. పటర్‌తో కొట్టే పటింగ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతులు జేబుల్లో పెట్టుకుని నోటితోనే లాగించేస్తాడు. క్లబ్బు క్యాంటీన్ నడిపేది నేనే కాబట్టి ఇవన్నీ నా కళ్లముందే జరుగుతాయి.

అతని శిష్యుల్లో టెస్ లాంటి పిల్ల మళ్లీ పుట్టదు. శనివారం హైస్కూళ్ల రాష్ట్ర పోటీ. అందులో బాగా ఆడితే కాలేజీ జట్టులో చోటు ఖాయం. సోమవారం సాధన చేస్తుండగా, గుంటకు రెండడుగుల దూరంలో ఉన్న బంతిని కొట్టబోతుంటే ఆ పిల్ల చెయ్యి ఉలిక్కిపడింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అంతే.

గ్యారిట్ పాలిపోయిన మొహంతో నా దగ్గరికొచ్చాడు.

"నా జబ్బే, మేరియెట్. ఎవరూ లేరనుకుని పొద్దున్న నేను పటింగ్ చేస్తుంటే గేటు దగ్గర నిలబడి చూసిందట. క్లబ్బులో వాళ్లు అనుకునేది నిజమే, ఇది అంటుకుంటుంది."

"వాళ్లకి పనిలేదు, నీకు బుద్ధిలేదు. ముందు కాఫీ తాగు."

"ఆ పిల్లని పక్కూరి కోచ్ దగ్గరికి పంపించేస్తా. నా దగ్గరుంటే పాడైపోతుంది."

నాకు ఒళ్లు మండిపోయింది.

"నీ సంగతి ఎప్పుడైనా నోరు తెరిచి చెప్పావా దానికి?"

"ఏమని చెప్పమంటావు?"

"ఉన్నదే చెప్పు. ఇన్నేళ్లు దాచి ఏం బావుకున్నావు?"

కాఫీ ముట్టకుండానే వెళ్లిపోయాడు. నేనూ సిగ్గు విడిచి వెనకాలే వెళ్లాను.

టెస్ చేతిలోంచి పటర్ తీసుకుని, "చూడు. ఏదీ దాచను," అన్నాడు. కొట్టాడు. బంతి ఎటో పోయింది. టెస్ తల తిప్పుకోలేదు.

"ఇంకోటి కొట్టండి, కోచ్."

అదీ తప్పింది.

"ఎప్పుడు మొదలవుతుంది మీకిది?"

"బంతి వెనకాల పటర్ పెట్టగానే. కొట్టకముందే తప్పిపోయినట్టు అనిపిస్తుంది."

"నాకూ అచ్చం అలాగే. నాకొక్కదానికే అనుకున్నా." కాసేపు అతని భుజాల వంక చూసింది. "మీరు ఊపిరి బిగబట్టేస్తున్నారు, కోచ్. ఇలా ఇవ్వండి, చూపిస్తా."

పటర్ తీసుకుని, ఊపిరి వదిలి, కొట్టింది. బంతి గుంటలో పడింది. పడిందో లేదో కూడా చూసుకోలేదు. అర్థమైందా లేదా అని అతని మొహమే చూస్తోంది. ఇంకోటి కొట్టింది. అదీ పడింది. ఆ చెయ్యి ఎక్కడా ఉలకలేదు.

"అంతే, కోచ్. ఇప్పుడు మీరు."

అతను కొట్టాడు. చెయ్యి ఉలిక్కిపడింది, బంతి గుంట పక్కనుంచి దొర్లిపోయింది.

"పర్లేదు, ఒక్కరోజులో పోయేది కాదుగా," అంది టెస్. "రేపు మళ్లీ చూద్దాం."

గ్యారిట్ కళ్లు తుడుచుకుని, కొత్తగా చేరిన కుర్రాడిలా అడిగాడు.

"రేపు ఎన్నింటికి రమ్మంటావు?"