పాప గుప్పిట్లో వెలగని బల్బు

గొప్పలు చెప్పుకోవడం కరెంటాయనకు బొత్తిగా గిట్టదు. అందుకే తన పిల్లల సంగతి ఎదుటివాళ్ళు అడిగేదాకా ఆగుతాడు. అడగకపోతే, అడిగేదాకా వదలడు.

ఆయన కొడుకూ కూతురూ బల్బు చేత్తో పట్టుకుంటే చాలు, వెలుగుతుంది. కూతురి కొడుక్కీ అంతే. కరెంటు పోతే ఆ ఇంట్లో ఒకరు బల్బు పట్టుకుని కూర్చుంటారు, మిగతావాళ్ళు భోంచేస్తారు. "నా పని పిల్లల రక్తంలోకి దిగిపోయింది," అంటాడాయన. భార్య చేతిలోనూ వెలుగుతుంది గానీ, అది తన సావాసం వల్ల అబ్బిందని ఆయన నమ్మకం.

ఆ రోజు కొడుక్కి పుట్టిన పాపను ఆస్పత్రి నుంచి తెచ్చారు. తాతగారు రబ్బరు తొడుగులు వేసుకుని, పాప గుప్పిట్లో చిన్న బల్బు పెట్టాడు. వెలగలేదు. తుడిచి పెట్టాడు. ఇంకోటి మార్చాడు. టెస్టరు తీయబోతే భార్య లాగేసుకుంది.

"నా రక్తమైతే వెలగాలి కదా?" అని గొణిగాడు, ఎటో చూస్తూ.

కోడలు లేచి పాప గౌన్లు సంచిలో కుక్కడం మొదలుపెట్టింది. "ఆ మాటకి అర్థమేంటి మామయ్యగారూ?"

"నాకూ అదే అర్థం కావట్లేదమ్మా."

"అయితే బడిలో పిల్లలకి చెప్పేదే మీకూ చెప్పి పోతాను. ఒంట్లో ఇంచుమించు ప్రతి కణంలోనూ బుల్లి పొయ్యిలుంటాయి. మైటోకాండ్రియా అంటారు. తిన్నదాన్ని ఆక్సిజన్‌తో మండించి శక్తి తీస్తాయి. ఆ పొయ్యిలు తల్లి అండంలోంచే వస్తాయి, తండ్రివి రావు. మీ అబ్బాయివి అత్తయ్యవి. పాపవి నావి. మా పుట్టింట్లో స్విచ్చి వేస్తేనే బల్బు వెలిగేది!"

"మరి నావి?"

"ఆ తొడుగులు తీసి ఇది పట్టుకోండి," అంది భార్య.

కరెంటు వస్తువుని వట్టి చేత్తో ముట్టుకోకూడదన్నది ఆయన వృత్తి ధర్మం. ఇంట్లోనూ ఎన్నడూ తప్పలేదు. ఇప్పుడు తప్పాడు. ఆవిడ చేతిలో ధగధగలాడుతున్న బల్బు ఆయన చేతికి రాగానే ఆరిపోయింది. ఊపాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అయితే పిల్లలకి నేనిచ్చిందేంటే?"

"ముక్కు. పాపక్కూడా అదే దిగింది, ఖర్మ."

అందరూ పాప ముక్కు వైపు చూశారు. సందేహమే లేదు. కొడుకు ఊపిరి పీల్చుకున్నాడు. కోడలు మాత్రం సంచి పట్టుకుని మామగారినే చూస్తూ నిలబడింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. పైకి చూశాడు. "ఫ్యాను కీచుమంటోంది, పాప నిద్ర చెడుతుంది," అని స్టూలెక్కాడు.

కాసేపటికి కోడలు గౌన్లు ఒక్కోటే బయటికి తీసింది.

తప్పయిందని చెప్పడం ఆయన ఇంకా నేర్చుకోలేదు.