గాటు పెట్టని కాయ

మా అత్తగారి పరుపు ఏ ఇంట్లో ఉంటే చలికాలం ఆ ఇంటిది. ఊళ్ళో ఆడవాళ్ళంతా చాయ్ తాగడానికి, కాల్చిన చెస్ట్‌నట్ కాయలు వలుచుకుంటూ కబుర్లాడడానికి ఆ ఇంటికే వస్తారు. మామగారు పోయినప్పటి నుంచీ ఏటా చలికాలం ఆ పరుపు నా ఇంట్లోనే పడుతోంది. ఈ ఏడు ఉలుదాగ్ కొండ మీద తొలి మంచు కనపడగానే, పరుపు తెప్పించమంటారా అని అడిగితే, "చూద్దాంలేవే మునీసె" అంది. ఆ "చూద్దాం" ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

నా తోడికోడలు పెరిహాన్ నుంచి. నిన్నగాక మొన్న బుర్సా పట్నం నుంచి కాపురానికి వచ్చిన పిల్ల. డాక్టరు అత్తగారికి షుగరుందని బక్లావా మిఠాయి మాన్పించి, సాయంత్రం గుప్పెడు చెస్ట్‌నట్లు కాల్చుకు తినొచ్చన్నాడు. అంతే, ఈవిడగారు రంగంలోకి దిగింది. కాయల్ని ముందు గోరువెచ్చటి నీళ్ళలో నానబెడుతుందట. కాలాక తడిగుడ్డలో మూట కడుతుందట. లోపలి పొట్టు కూడా ఇట్టే ఊడొస్తుందట. "నా పళ్ళకి కష్టం లేకుండా చేసింది" అని అత్తగారు ఊరంతా చాటింది. ఇన్నేళ్ళూ నా పొయ్యి మీద కాలినవి తిన్న నోరే కదా అది!

శుక్రవారం సాయంత్రం పెరిహాన్ అందరినీ చాయ్‌కి పిలిచింది. పరుపు సంగతి ఆ రోజే తేల్చేస్తానంది అత్తగారు. నేను గడప దాటానో లేదో, "అక్కా, నీ చెయ్యి తిరిగిన చెయ్యి. కాస్త గాట్లు పెట్టి పెట్టవా?" అంటూ పెరిహాన్ కత్తి తెచ్చి నా చేతికే ఇచ్చింది.

ప్రతి కాయకీ పొట్ట మీద గాటు పడాలి. లేకపోతే లోపలి ఆవిరికి దారి లేక తుపాకిలా పేలుతుంది. లావుపాటి కాయ ఒకటి చూసి, గాటు పెట్టకుండా మిగతావాటిలో కలిపేశాను. అది పేలాలి, పట్నం పిల్లకి గాట్లు పెట్టడం కూడా రాదని నలుగురూ నవ్వాలి, పరుపు నా ఇంటికి రావాలి. అదీ నా లెక్క.

పేలింది. ఇనప పొయ్యి అదిరింది. పక్కింటి సాబిహా ఒళ్ళో చాయ్ ఒలకబోసుకుంది. అత్తగారు మాత్రం చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"అచ్చం మా అమ్మలాగే! ఒక్క కాయని గాటు పెట్టకుండా వదిలేది. అది పేలిందంటే మిగతావి కాలినట్టే. ఎన్నాళ్ళయిందే ఈ చప్పుడు విని! ఎవరు నేర్పారే నీకు, బంగారు తల్లీ?"

బంగారు తల్లట! నా ఒళ్ళు భగ్గుమంది.

"నాకేం తెలీదత్తయ్యా. గాట్లు పెట్టింది అక్క" అంది పెరిహాన్.

అబద్ధమైనా ఆడొచ్చు కదా, దొంగమొహంది. అత్తగారి చప్పట్లు ఆగిపోయాయి. నన్ను ఎగాదిగా చూసింది. ఇన్నేళ్ళలో నా పొయ్యి మీద ఒక్క కాయా పేలలేదని ఆవిడకి తెలియదా?

"అవునవును. మునీసెకి నేనే చెప్పుంటాను" అని చాయ్ అందుకుంది.

వెళ్ళేటప్పుడు నేను గుమ్మంలో చెప్పులేసుకుంటుంటే అత్తగారు పక్కకొచ్చి నిలబడింది.

"రేపు మీ ఆయన్ని నా పరుపు మీ ఇంటికి పట్టుకుపొమ్మను."

నా గుండె ఎగిరి గంతేసింది. "నిజంగానా అత్తయ్యా?"

"మరి? గాటు పెట్టని కాయని పొయ్యి మీదుంచి ఎవరైనా పక్కింట్లో కూర్చుంటారటే?"

ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుని బయటపడ్డాను.

పరుపు వచ్చింది. పొయ్యి పక్కనే వేశాను. ఆ సాయంత్రం నేనూ కాయలు నానబెట్టాను, కాలాక తడిగుడ్డలో మూట కట్టాను. పొట్టంతా ఊడొచ్చింది. అత్తగారు ఒకటి నోట్లో వేసుకుని, తీరిగ్గా నమిలి, "రేపు పెరిహాన్‌ని కూడా పిలవవే, పాపం ఒక్కతే ఉంటుంది" అంది.

పిలిచాను. వచ్చీ రాగానే, "నేను గాట్లు పెట్టనా అక్కా?" అని చెయ్యి చాపింది.

కత్తి మాత్రం ఇవ్వలేదు.