ఊరి ఆ చివర విమానం

దిగిన విమానాశ్రయం ఊరికి ఈ చివర ఉందనీ, తన చెల్లెలి పెళ్లికి చేర్చే విమానం ఆ చివరనున్న ఇంకో విమానాశ్రయంలో ఎక్కాలనీ కోడలికి సామాను తీసుకున్నాకే తెలిసింది. కారులో రెండు గంటల దారి. విమానం అంతసేపు ఆగదు. ఆమె ఫోన్లో టైము చూసుకుంటూ అక్కడే నిలబడిపోయింది.

వ్యాయామం టీచరుగా రిటైరైన అత్తగారు మాత్రం పెద్ద పెట్టె తానే అందుకుంది.

"రోడ్డు మీదయితే రెండు గంటలు. మెట్రోకి ట్రాఫిక్ ఏముంటుందే? పద!"

"మీ మోకాళ్లు, అత్తయ్యా!"

"వాటి సంగతి పెళ్లయ్యాక చూద్దాం."

రైలు దిగి పరుగో పరుగు. ఆఖరి పిలుపుకి ఇద్దరూ విమానమెక్కేశారు. కోడలు సీట్లో కూలబడి, ఆయాసంలోనే నవ్వేసింది.

"ఈ తంటా గురించి మీ అబ్బాయికి ఏం చెబుదాం?"

"టికెట్లు కొన్నది వాడే కదా! వాడే చెబుతాడు మనకి," అంది అత్తగారు బెల్టు బిగించుకుంటూ.